నలుగురికి ఒకే చెల్లెలు

ఓరిన్ టాకెట్ రోజూ ఆటకు ముందు అందరూ చూస్తుండగానే మాత్ర వేసుకునేవాడు. లాకర్ ముందు బల్ల మీద కూర్చుని, రెండు మోకాళ్ళకూ మంచుగడ్డల సంచులు కట్టుకుని, చల్లారిన కాఫీతో గుటుక్కున మింగేవాడు. మింగాక చేతులు దులుపుకుని, "ఇక పిలవండి, పలుకుతాను" అనేవాడు. కొత్తగా వచ్చినవాళ్ళు నవ్వేవాళ్ళు. మాకు అలవాటైపోయింది.

టెనెసీలో నది ఒడ్డున చిన్న ఊరు మాది. అక్కడి బేస్‌బాల్ టీమ్‌లో ఉన్న ప్రతివాడూ అక్కడి నుంచి బయటపడాలనే ఆడేవాడు. పెద్ద లీగ్ టీమ్‌కు మేము కింది మెట్టు. పైన ఎవడైనా దెబ్బ తగిలి పడిపోతే మాలో ఒకణ్ణి పిలుస్తారు. పైకి పిలుపు రావడం తప్ప మాకు వేరే దేవుడు లేడు. ఓరిన్‌కు ముప్ఫై మూడేళ్ళు. పద్దెనిమిదేళ్ళప్పుడు కెంటకీ బొగ్గు కొండల్లోంచి ఒక సంచితో వచ్చాడు. అప్పటి నుంచీ కింది లీగుల బస్సుల్లోనే తిరిగాడు. పైన ఒక్క రోజు, ఒక్క బంతి కూడా ఆడలేదు.

అతను క్యాచర్. బ్యాట్ పట్టుకున్నవాడి వెనక గొంతుక్కూర్చుని, నాలాంటి బౌలింగ్ కుర్రాళ్ళకు ఏ బంతి వెయ్యాలో తొడల మధ్య నుంచి వేళ్ళతో చెప్పాలి. ఒక వేలు చూపిస్తే సూటిగా వచ్చే వేగం బంతి, రెండు చూపిస్తే దగ్గరికొచ్చాక కిందికి జారే బంతి. ఎదుటివాడు కిందటిసారి దేనికి మోసపోయాడో, ఎవడు పరుగుకు సిద్ధంగా ఉన్నాడో, బంతి వేసేవాడి భుజం అలిసిందో లేదో, అన్నీ ఆ ఒక్కడి బుర్రలోనే ఉండాలి. అలాంటి పనిలో, పుట్టుకతో ధ్యాస నిలవని జబ్బు ఉన్నవాడు చేరాడు. ఎత్తుకు కళ్ళు తిరిగేవాడు కరెంటు స్తంభాలెక్కే ఉద్యోగంలో చేరినట్టు.

ఇరవై ఎనిమిదేళ్ళు వచ్చేదాకా అది జబ్బని ఓరిన్‌కు ఎవరూ చెప్పలేదు. బడిలో మొద్దు అన్నారు, ఇంట్లో సోమరి అన్నారు, టీముల్లో తాగి వచ్చాడన్నారు. చివరికి ఒక టీమ్ డాక్టరు రెండు రోజులు కూర్చోబెట్టి పరీక్షలు చేసి, మందు రాసిచ్చి, లీగ్ నుంచి మినహాయింపు ఇప్పించాడు. మినహాయింపు లేకుండా ఆ మాత్ర మూత్రపరీక్షలో దొరికితే ఆటకు సెలవు. "మాత్ర వేసుకున్న మొదటి రోజు ఆట మొత్తం ఒకటే ఆటలా కనిపించిందిరా. అంతకుముందు ముక్కలుగా ఉండేది" అని ఒకసారి నాతో అన్నాడు.

జబ్బున్నవాడికి అది మందు. లేనివాడికి పెట్రోలు. వేసవంతా రోజూ ఆట, ఆట కాగానే బస్సు, బస్సు దిగగానే మళ్ళీ ఆట. జూన్ వచ్చేసరికి కళ్ళు మూతలుపడని ఆటగాడు ఉండడు. పూర్వం లాకర్ రూముల్లో హుషారు బిళ్ళలు గిన్నెల్లో పోసి ఉంచేవారట. అవి నిషేధించారు. ఇప్పుడు జబ్బు ఉందని రుజువు చేసుకున్నవాడికే ఆ హుషారు. అందుకే ఓరిన్‌ను చూసి అందరికీ కుళ్ళు.

"ముసలోడా, నీ అదృష్టం అదృష్టం కాదు" అనేవాడు కిప్ డెలానీ. ఫ్లోరిడావాడు, నోటి తీట ఎక్కువ. "తల్లి కడుపులోంచే లైసెన్సు తెచ్చుకున్నావు."

"కావాలంటే నా జబ్బు నువ్వు తీసుకోరా, నీ కాళ్ళు నాకివ్వు" అనేవాడు ఓరిన్.

మే నెలలో ఒక మధ్యాహ్నం ఆట మొదలయ్యే వేళకు వాన పట్టుకుంది. మైదానం మీద టార్పాలిన్ కప్పేశారు. అందరం లాకర్ రూమ్‌లో చేరాం. నేను మూల కూర్చుని పుస్తకం తెరిచాను. బడి సగంలో మానేసినవాణ్ణి. పాత పుస్తకాల షాపులో దొరికిందల్లా చదువుతాను కాబట్టి టీమ్‌లో నన్ను ప్రొఫెసర్ అనేవాళ్ళు. అది మెచ్చుకోలు కాదు.

లాండ్రీ వాస్ రెండు కప్పుల కాఫీతో వచ్చి ఓరిన్ పక్కన కూర్చున్నాడు. లాండ్రీ కూడా క్యాచరే. ఇరవై మూడేళ్ళు. ఓరిన్ అలిసిన రోజు అతని బదులు ఆడేవాడు.

"అన్నా, నిన్నొకటి అడగనా? చిన్నప్పుడు నీకెట్లా ఉండేది? లోపల, అంటే బుర్రలో."

ఓరిన్ కాఫీ కప్పు కింద పెట్టాడు. ఎవరైనా ఆ ప్రశ్న అడిగి ఎన్నాళ్ళయిందో, అసలు అడిగారో లేదో. కిప్ కూడా బల్ల లాక్కుని ముందుకు జరిగాడు. డోర్సీ అనే మరో బౌలరు కూడా వచ్చి చేరాడు.

ఓరిన్ చెప్పడం మొదలుపెట్టాడు. బడి కిటికీలోంచి బొగ్గు రైళ్ళు కనిపించేవట. టీచరు పేరు పెట్టి పిలిచినా వినిపించేది కాదట. వాళ్ళమ్మ కిరసనాయిలు తెమ్మని పంపితే ఖాళీ డబ్బాతో వాగు పక్కన సాయంత్రం దాకా ఉండిపోయాడట. తర్వాత వాళ్ళ చెల్లెలు లోర్నా సంగతి చెప్పాడు. ఆమెకు ఆరేళ్ళు. బడి నుంచి ఇంటికి తీసుకురావలసిన పని ఇతనిది. ఒక జనవరి సాయంత్రం దారిలో ఎవరో వాటర్ ట్యాంకు మీదికెక్కి రంగు వేస్తున్నారు. వాళ్ళను చూస్తూ నిలబడిపోయాడు. తర్వాత నేరుగా ఇంటికి వెళ్ళి అన్నం తినేశాడు. "చెల్లి ఏదిరా?" అని వాళ్ళ నాన్న అడిగేదాకా చెల్లెలనేది ఒకటి ఉందని గుర్తు లేదు. పరిగెత్తుకుని వెళ్ళేసరికి ఆ పిల్ల బడి గేటు దగ్గర మంచులో నిలబడే ఉంది. కదిలితే అన్నకు కనిపించనని కదల్లేదట. తర్వాత నిమోనియా వచ్చింది. ఒక చెవి పోయింది.

"ఇప్పటికీ ఫోన్‌లో గట్టిగా అరవాలి" అన్నాడు ఓరిన్, నవ్వడానికి చూస్తూ.

"అప్పుడు నీకు లోపల ఎట్లా అనిపించింది అన్నా?" లాండ్రీ మెల్లగా అడిగాడు. "అంటే, మర్చిపోతున్నానని తెలిసేదా, తెలిసేది కాదా? పెన్సిళ్ళూ గట్రా పోగొట్టేవాడివా?"

నేను పుస్తకం మూసి విన్నాను. లాండ్రీ గొంతులో అంత మెత్తదనం ఉంటుందని అంతవరకూ నాకు తెలియదు. వాన తగ్గాక ఓరిన్ నా భుజం మీద చెయ్యి వేసి, "మంచి పిల్లలురా వీళ్ళు. ఇంతసేపు నా సోది ఎవడు వింటాడు?" అన్నాడు.

జూన్‌లో ఆ ముగ్గురూ ఒకడి తర్వాత ఒకడు డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చారు. ఒకడి తర్వాత ఒకడికి మినహాయింపు వచ్చింది. ఆ ఏడాది లీగ్‌లో పాత డాక్టరు రిటైరై కొత్త డాక్టరమ్మ వచ్చింది. అందరి సంగతీ మొదటి నుంచి ఆమే వినాలి. లాండ్రీ తన సొంత సీసాతో లాకర్ ముందు కూర్చున్న రోజు ఓరిన్ కళ్ళు తడిశాయి.

"చూశావా, పాపం వీడికీ ఉంది. ఇన్నేళ్ళూ ఎవడూ కనిపెట్టలేదు" అని నాతో అన్నాడు. మాత్ర ఆకలి చంపేస్తుందని, ముందే ఏదో ఒకటి తినమని, లాండ్రీకి రోజూ తన డబ్బాలోంచి గుడ్డు సాండ్‌విచ్ సగం తుంచి ఇచ్చేవాడు. లాండ్రీ తినేవాడు కూడా.

జూలైలో రెండు సంగతులు జరిగాయి. ఓరిన్ మినహాయింపు గడువు ముగిసి, ఏటా వెళ్ళినట్టే డాక్టరు దగ్గరికి వెళ్ళి మళ్ళీ అడిగినవన్నీ చెప్పి వచ్చాడు. అదే వారంలో పై టీమ్ క్యాచరుకు మోకాలు చితికింది.

ఎవరి పేరు పిలుస్తారో అందరికీ తెలుసు. ఆ వేసవి ఓరిన్ ఆడినట్టు ఎప్పుడూ ఆడలేదు.

మా కోచ్ హాల్ మజురెక్‌ను స్కిప్ అని పిలిచేవాళ్ళం. పైకి పిలుపు వచ్చినవాడికి ఆ మాట తిన్నగా చెప్పడం అతనికి చేతకాదు. ముందు ఏడిపించాలి. ఒకణ్ణి గదిలోకి పిలిచి నీ మీద పోలీసు కేసు పెట్టారన్నాడు. ఇంకొకణ్ణి రెండు పెట్టెల బంతులకు అమ్మేశామన్నాడు. వాడు ఏడవబోతే అప్పుడు చెయ్యి చాపి, "సామాను సర్దుకో, పైకి వెళ్తున్నావు" అనేవాడు. మిగతావాళ్ళం బయట బకెట్లతో కాచుకుని, వాడు తలుపు దాటగానే నిలువునా తడిపేసేవాళ్ళం. ఇది అన్ని టీముల్లోనూ ఉన్నదే.

ఆ మధ్యాహ్నం మజురెక్ తల బయట పెట్టి, "ఓరిన్, ఒకసారి రా" అన్నాడు.

అంతే, అందరం బకెట్ల మీద పడ్డాం. తలుపు సరిగ్గా పడలేదు. లోపలి మాటలు వినిపిస్తూనే ఉన్నాయి.

"కూర్చో. లీగ్ డాక్టరమ్మ ఫోన్ చేసింది. నీ మినహాయింపు నిలిపేశారు."

ఓరిన్ పగలబడి నవ్వాడు.

"నవ్వకు. ఈ రోజు నుంచి మాత్ర వేసుకోకూడదు. వేసుకుంటే సగం సీజన్ ఇంట్లోనే."

"స్కిప్, ఇంతకంటే మంచిది దొరకలేదా నీకు? ఇన్నేళ్ళు నేనిక్కడ ఎందరిని ఏడిపించడం చూశాను!" కుర్చీ వెనక్కి పడిన చప్పుడైంది. తొంగిచూస్తే ఓరిన్ అతన్ని గట్టిగా కావలించుకుని ఉన్నాడు. మజురెక్ చేతులు పక్కన వేలాడుతున్నాయి. అప్పుడు మేము ఆ చేతుల్ని పట్టించుకోలేదు.

బయటికి రాగానే బకెట్లు గుమ్మరించాం. కిప్ గడ్డం గీసుకునే నురగంతా తల మీద పిండాడు. లాండ్రీ ఒక్కడే గోడకు ఆనుకుని చప్పట్లు కొట్టాడు. ఓరిన్ తడిసిన చేత్తోనే ఫోన్ తీసి కెంటకీకి కలిపాడు.

"లోర్నా! లోర్నా, నేనే! పైకి! పై-కి! అవునే పిచ్చిదానా, నిజంగా!"

మజురెక్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఓరిన్, ఆ ఫోన్ పెట్టెయ్. నేను తమాషా చెయ్యడం లేదు."

ఫోన్‌లోంచి ఆమె సంతోషం గది మొత్తానికి వినిపిస్తోంది. ఓరిన్ ఫోన్ నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు. చెవిటి మనిషికి అలాంటి మాట గుసగుసగా చెప్పడం కుదరదు. అందరి ముందూ, ఒంటి మీంచి నీళ్ళు కారుతుండగా, గట్టిగా అరిచి చెప్పాడు. "కాదే! కాదటే! పొరపాటు!"

తర్వాత మజురెక్ అందర్నీ కూర్చోబెట్టాడు. "ఆవిడ పేర్లు చెప్పలేదు. నేనూ అడగలేదు. ఒక్క లాకర్ రూమ్ నుంచి నలుగురు వెళ్ళారట. నలుగురికీ ధ్యాస లేదట, అది నేను నమ్ముతాను, మీ ఆట చూస్తున్నాను కదా. కానీ నలుగురికీ ఒకే చెల్లెలట. నలుగురూ ఆ పిల్లని బడి దగ్గర మర్చిపోయారట. ఒకడి చెల్లెలు మాత్రం మంచులో కాదు, వానలో నిలబడిందట."

ఫ్లోరిడాలో మంచు కురవదు. కిప్‌కు ఆ మాత్రం తెలివి ఉంది.

"ముందెళ్ళిన ముగ్గురికీ ఇచ్చేశారు కాబట్టి వాళ్ళవి చలికాలంలో తిరగతోడతారు. నాలుగోవాడిది పెండింగ్‌లో ఉంది కాబట్టి ఇప్పుడే ఆపారు. మళ్ళీ ఆ కథ వినేసరికి వీళ్ళందరికీ నేర్పించింది వీడేనని అనుకుంటున్నారు."

లాండ్రీ వంగి, కట్టి ఉన్న బూటు లేసు విప్పి మళ్ళీ కట్టుకున్నాడు.

"పైవాళ్ళు వారం ఆగుతామన్నారు" అన్నాడు మజురెక్. "ఆదివారం వాళ్ళ మనిషి వస్తాడు. ఓరిన్, మాత్ర లేకుండా ఆడగలవని చూపించు. లేదంటే ఇంకెవరైనా నోరు విప్పి నీ గొడవ తేల్చాలి. ఈ రెండే దారులు."

సాయంత్రం లాండ్రీని పార్కింగ్ దగ్గర పట్టుకున్నాను.

"నీకు చెల్లెలు లేదు కదరా?"

"పిన్ని కూతురు ఉంది."

"మీ పిన్ని కూతుర్ని నువ్వు బడి నుంచి తెచ్చేవాడివా?"

"ప్రొఫెసర్, నీ పుస్తకాలు నువ్వు చదువుకో. నా బాల్యం నాది."

"అది ఓరిన్ బాల్యంరా."

"ఆయన అడిగాడా నిన్ను?" అని కారెక్కాడు.

లాకర్ రూమ్‌లో మాట బయటికి పోకూడదనేది మా దగ్గర అన్నిటికంటే పెద్ద నియమం. దాన్ని తప్పినవాడితో ఎవడూ భోజనం చెయ్యడు. ఆ సంగతి తెలిసే మర్నాడు మజురెక్ గదికి వెళ్ళాను. వాన రోజు విన్నదంతా చెప్పాను. పేర్లతో చెప్పాను. మజురెక్ ఓరిన్‌నూ లాండ్రీనీ పిలిపించాడు.

"ఓరిన్, వీడు చెప్పేది నిజమేనా? నీ కథ వీళ్ళకు నువ్వు చెప్పావా? నువ్వు అవునంటే ఇప్పుడే ఫోన్ చేస్తాను. ముగ్గురూ పోతారు, నువ్వు మిగులుతావు."

ఓరిన్ లాండ్రీ వైపు చూశాడు. తర్వాత నా వైపు. అవునంటాడనే అనుకున్నాను.

"లేదు స్కిప్. నేనెవరికీ ఏమీ చెప్పలేదు. కుర్రాడు పుస్తకాలు ఎక్కువ చదువుతాడు. ఏదో కల్పించుకున్నాడు."

మజురెక్ గుండె తేలికపడినట్టు ఊపిరి వదిలాడు. మూడు ఖాళీలు నింపుకోవాల్సిన పని తప్పింది. లాండ్రీ బయటికి వెళుతూ నా భుజం తట్టాడు.

"ఎందుకన్నా?" అన్నాను ఇద్దరమే మిగిలాక. "నీ కోసం వెళ్ళాను నేను."

"నేను వెళ్ళమన్నానా?" గొంతు తగ్గించాడు. "వాళ్ళకు పదేళ్ళ ఆట ఉందిరా. నేను ముగ్గుర్ని ముంచి పైకి వెళితే అక్కడ నా పక్కన కూర్చునేదెవడు? అయినా వాళ్ళు నా పక్కన కూర్చుని అంతసేపు అడిగారురా. మా నాన్న కూడా ఎప్పుడూ అడగలేదు. అది దొంగతనానికి అడిగారని నా నోటితో నేనే ఎట్లా చెప్పను?"

"మరి నేను అబద్ధాలకోరునా?"

"నువ్వు చిన్నవాడివి. తట్టుకుంటావు."

ఆ రోజు నుంచి టీమ్‌లో నా పక్క లాకరు ఖాళీ అయింది. నేను షవర్లోకి వెళితే ఉన్నవాళ్ళు బయటికి వచ్చేసేవాళ్ళు. బస్సులో నా సీటు మీద ఎవడో ఎలుకలబోను పెట్టాడు; చాడీలు మోసేవాణ్ణి అక్కడ ఎలుక అంటారు. ఓరిన్ దాన్ని చూశాడు. చూసి కిటికీ వైపు తిరిగాడు.

ఆదివారం మధ్యాహ్నం పై టీమ్ మనిషి వచ్చి, క్యాచర్ వెనక ప్రేక్షకులకు అడ్డంగా కట్టిన వల వెనక మొదటి వరసలో కూర్చున్నాడు. బూడిదరంగు టోపీ, నోట్లో పొద్దుతిరుగుడు గింజలు. ఓరిన్ మొదటి అయిదు ఇన్నింగ్సులు ఎట్లాగో నెట్టుకొచ్చాడు. పళ్ళు బిగపట్టి ఆడుతున్నాడని అతని మెడ చూస్తేనే తెలిసేది. మధ్యలో రెండుసార్లు ఎన్ని అవుట్లయ్యాయో అంపైరును అడిగాడు. ఒకసారి స్టాండ్సులోంచి ఎగిరిన బెలూన్ వైపు తల తిప్పి, బంతి వస్తుండగా తెప్పరిల్లాడు. ఆరో ఇన్నింగ్సులో నన్ను బౌలింగ్‌కు పంపారు.

ఓరిన్ ఒక వేలు చూపించాడు. ఒకటి అంటే సూటిగా, వేగంగా. నేను ఎండకు కళ్ళు చికిలించి మళ్ళీ చూశాను. ఒకటే. తల ఊపి, ఉన్న బలమంతా పెట్టి వేశాను.

అతని గ్లవ్ నేలకు ఆని ఉంది. కిందికి జారే బంతి కోసం కాచుకుని ఉన్నాడు. నా బంతి జారలేదు. చివరి క్షణంలో ఖాళీ చెయ్యి అడ్డం పెట్టాడు. బొటనవేలు విరిగిన చప్పుడు నేను నిలబడ్డ చోటికి వినిపించింది.

నేను పరిగెత్తాను. మజురెక్ పరిగెత్తాడు. వెనక నుంచి కిప్ అరుస్తున్నాడు. "కావాలనే వేశాడు! చాడీలకోరు వెధవ, కావాలనే వేశాడు!"

ఓరిన్ మోకాళ్ళ మీద ఉన్నాడు. ముఖం పాలిపోయింది.

"ఏం చూపించావు నువ్వు?" అన్నాడు మజురెక్.

ఓరిన్ వల వైపు చూశాడు. వల వెనక బూడిద టోపీ మనిషి లేచి నిలబడి వింటున్నాడు. ఒక వేలు చూపించి మర్చిపోయాడంటే మాత్ర లేకుండా పనికిరాడని అక్కడికక్కడే తేలిపోతుంది. రెండు చూపించాడంటే తప్పు నాది. విరిగిన వేలు ఎప్పటికైనా అతుక్కుంటుంది.

"రెండు" అన్నాడు ఓరిన్.

"అన్నా, ఒకటి చూపించావు. నేను రెండుసార్లు చూశాను."

"రెండు చూపించాను స్కిప్" అన్నాడు, ఈసారి గట్టిగా, వల దాకా వినిపించేలా.

లాండ్రీ అప్పటికే ప్యాడ్లు కట్టుకుంటున్నాడు. ఆ పూట మిగిలిన ఆట అతనే ఆడాడు, బాగా ఆడాడు. పైవాళ్ళకు అతుక్కోబోయే వేళ్ళతో పని లేదు. సోమవారం లాండ్రీని పైకి పిలిచారు. మజురెక్ అతన్ని గదిలోకి పిలిచి నీ కారు దొంగలెత్తుకుపోయారని చెప్పాడు. బకెట్లు గుమ్మరించిన చప్పుడు నేను ఖాళీ చేస్తున్న లాకరు దగ్గరికి వినిపించింది. అదే రోజు నన్ను టీమ్ నుంచి తీసేశారు. సొంత క్యాచరు వేలు విరగ్గొట్టినవాడికి ఇంకో టీమ్ కూడా దొరకదని మజురెక్ మర్యాదగానే చెప్పాడు.

కారులో సామాను పెడుతుంటే ఓరిన్ వచ్చాడు. చేతికి పిండికట్టు, తల నీళ్ళతో తడిసి ఉంది. లాండ్రీ మీద పోసినప్పుడు పక్కనే నిలబడి ఉంటాడు.

"కోపమా?" అన్నాడు.

"రెండు వేళ్ళా?"

"రెండే అనుకుంటారా."

"అనుకుంటున్నావా, తెలుసా?"

ఓరిన్ కారు పైకప్పు మీద మంచి చెయ్యి పెట్టి, ఎటో చూసి, నవ్వాడు.

"నాకేం తెలుస్తుందిరా? మాత్ర లేదు కదా. నా జబ్బు సంగతి నీకు తెలియనిదా?"

బడిలో కొట్టినా, ఇంట్లో కొట్టినా, టీముల్లోంచి గెంటేసినా, ఆ జబ్బును అతను ఎన్నడూ సాకుగా చెప్పుకోలేదు. ఆ మాట లాండ్రీ గొంతుతో విన్నట్టుంది నాకు. కారు పైకప్పు మీది చెయ్యి తీసేదాకా ఆగి, బండి స్టార్ట్ చేశాను.